పాస్టరమ్మ చూసిన పాదాలు

మా కొత్తవాడ సందులో చర్చి మైకు రోజూ పొద్దున ఒకసారి మోగేది. పాటకూ కాదు, ప్రసంగానికీ కాదు. "అమ్మలారా, అక్కలారా, గోళీలు వేసుకున్నరా? మర్చిపోయినోళ్లు ఇప్పుడు వేసుకోండ్రి. దేవుడు మీకు తోడుంటడు." అంతే, మైకు బంద్. ఆ గొంతు పాస్టరమ్మది. చర్చికి పోయేవాళ్లు, పోనివాళ్లు, మసీదు వెనక ఉండే ఖాలమ్మ కూడా ఆ మాట వినే మందుగోళీల డబ్బా తీసేవాళ్లు.

పోయిన నెల ఒక మంగళవారం మైకు ఆ వేళకే గరగరమంది. మా అత్తమ్మ అలవాటు కొద్దీ గోళీ అరచేతిలో వేసుకుని నీళ్ల చెంబు దగ్గరికి జరుపుకుంది. వచ్చింది మాత్రం పాస్టరయ్య గొంతు. "మీ పాస్టరమ్మ..." అన్నాడు. కాసేపు ఆగి మళ్లీ "మీ పాస్టరమ్మ..." అన్నాడు. మైకు చేతికి చిక్కితే పొద్దెక్కేదాకా వదలని మనిషి, ఆ మాట దాటి ముందుకు పోలేకపోయాడు. మైకు ఆపడం కూడా మర్చిపోయినట్టున్నాడు. ఆ ఇంట్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వాడంతా వినబడింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి.

మా అత్తమ్మ గోళీ మింగింది. మంచం కింది నుంచి చెప్పులు లాగి, ఒక్కోదాంట్లో చెయ్యి పెట్టి లోపలంతా తడిమి చూసింది. అప్పుడు కాళ్లకు వేసుకుని, అప్పుడు ఏడ్చుకుంటూ పరుగెత్తింది. చావు కబురు విని కూడా ముందు గోళీ మింగి, చెప్పులు తడుముకున్న మనిషిని చూస్తే కొత్తవాళ్లు ఏమనుకుంటారో. ఆమె అట్లా ఎందుకు చేసిందో చెబితే పాస్టరమ్మ ఎవరో చెప్పినట్టే.

మాది నేతపని ఇల్లు. మా ఆయన జంపఖానాలు నేస్తాడు. అత్తమ్మ నూలు కండెలు చుడుతుంది. నేను బ్లౌజులు కుడతాను. మా ఇంటికి ఎదురుగా రేకుల షెడ్డులో చర్చి వచ్చినప్పుడు నాకు నచ్చలేదని దాచకుండా చెబుతున్నాను. దేవుడి మీద కోపం కాదు, మైకు మీద. కుట్టుమిషను ముందు కూర్చుంటే చెవిలోనే ప్రసంగం. ఒకరోజు పాస్టరమ్మ మా గడపలోకి వచ్చి, "బిడ్డా, మా ఆయన గొంతు నీకు తలనొప్పి అయితాందట కదా. నాకు గూడ అయితది. మైకు మూతి అటు తిప్పిచ్చిన," అంది. ఆ తర్వాత ఆమె మీద కోపం నిలుపుకోవడం నా వల్ల కాలేదు.

ఆమెది తొర్రూరు అవతల ఒక పల్లె. చిన్నప్పుడు పత్తి ఏరిన వేళ్లు, పెళ్లయ్యాక పాటల పుస్తకం పట్టాయి. పొట్టి మనిషి. తెల్లచీరకు ఎప్పుడూ ఏదో ఒక ఆకు పసరు అంటుకుని ఉండేది. చర్చి వెనక పెయింటు డబ్బాల్లో మెంతికూర, పుదీన, గంగవాయిలికూర పెంచేది. మూలకు ఒక మునగచెట్టు. శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక అందరికీ చాయ్, బిస్కెట్లు ఇచ్చే పద్ధతి మొదట్లో ఉండేదట. ఈమె వచ్చాక అది పోయి పల్చటి మజ్జిగ, జొన్నగట్క వచ్చాయి. చాయ్ కోసమే ప్రార్థనకు వచ్చేవాళ్లు కొందరు తగ్గారని పాస్టరయ్య బాధపడితే, "తగ్గనీ, ఉన్నోళ్లకైన తగ్గాల్సింది తగ్గుతది," అని తన నడుము చూపించి నవ్విందట.

పొద్దున్నే మా వాడ ఆడవాళ్లను నడకకు తీసుకుపోయేది. మగ్గం గుంతలో, రాట్నం ముందు కూర్చుని కూర్చుని మా నడుములు బిగుసుకుపోయి ఉంటాయి. "మోకాళ్లు ప్రార్థనకు, పాదాలు నడకకు. రెండు ఇచ్చింది ఒక్క దేవుడే. ఒకటి వాడి ఒకటి పక్కన పెడితె ఎట్ల?" అనేది. నేను నడకకు మాత్రం పోయేదాన్ని, ప్రార్థనకు పోయేదాన్ని కాదు. "నీ పాదాలు వస్తానయి, మోకాళ్లు ఎప్పుడు వస్తయి బిడ్డా?" అని ఆటపట్టించేది. "మోకాళ్లు మా ఎల్లమ్మ కాడ ఉన్నయమ్మా," అనేదాన్ని. "మంచిగ ఉండనీ. అరగకుండ చూసుకో," అనేది. అంతకు మించి ఒక్క రోజూ నన్ను రమ్మనలేదు.

మా అత్తమ్మకు దేవుళ్ల దగ్గర పిసినారితనం లేదు. బతుకమ్మ ఆడుతుంది, దర్గాకు పోయి చక్కెర పంచుతుంది, బొట్టు చెరపకుండానే చర్చిలో ముందు వరసలో కూర్చుంటుంది. షుగర్ అని తేలినప్పటి నుంచి ఆమె పాస్టరమ్మ వెంటే ఉండేది. అన్నం తగ్గించి జొన్నరొట్టెకు మారింది. దొంగచాటుగా బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని దొరికిపోయిన రోజున, "బెల్లమే కదమ్మా, చక్కెర గాదు," అని వాదించింది. "బెల్లం చక్కెరకు సొంత చెల్లె అక్కా. అక్కను బయటికి పంపి చెల్లెను ఇంట్లకు పిలిస్తె ఎట్ల?" అంది పాస్టరమ్మ. కాకరకాయ రసం తాగి గోళీలు మానేద్దామని ఎవరో చెబితే దానికీ ఆమె ఒప్పుకోలేదు. "కాకరకాయను కూర వండుకోండ్రి. గోళీ జాగల దాన్ని కూచోబెట్టకుండ్రి."

ఇన్ని తెలిసిన మనిషి కూడా ఒకచోట తప్పటడుగు వేసింది. ఆ సంగతి దాచిపెట్టి ఆమెను పొగిడితే ఆమెకే నచ్చదు.

కొన్నేళ్ల కింద అత్తమ్మకు షుగర్ బాగా దిగింది. గోళీ, నడక, జొన్నరొట్టె, మూడూ కలిసి చేసిన పని అది. దవాఖానలో డాక్టరమ్మ మెచ్చుకుని, ఇట్లాగే గోళీలు వాడుతూ ఉండమని చెప్పి పంపింది. ఆ సంతోషం విని పాస్టరమ్మ, "అక్కా, ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పు. నలుగురికి ధైర్యం వస్తది," అంది. సాక్ష్యం అంటే దేవుడు తనకు చేసిన మేలును అందరి ముందు నిలబడి చెప్పడం. వాళ్ల చర్చిలో అది పెద్ద గౌరవం.

మా అత్తమ్మ ఏనాడూ నలుగురి ముందు మాట్లాడింది కాదు. చేతికి మైకు వచ్చేసరికి ఒళ్లు పొంగింది. షుగర్ దిగింది అని మొదలుపెట్టి, చప్పట్లు వినబడేసరికి, షుగర్ పోయింది అని ముగించింది. "నాకు ఇగ షుగరే లేదు. ప్రభువు ఊడ్చి పారేసిండు!" షెడ్డు రేకులు ఎగిరిపోయేటట్టు చప్పట్లు, హల్లెలూయలు. నేను ఇంట్లో మిషను దగ్గర కూర్చునే విన్నాను. పాస్టరమ్మ కూడా చప్పట్లు కొట్టింది. పండుగలాంటి వేళ ఒక ముసలామె మాటను సరిదిద్దడం ఎందుకులే అనుకుందట.

ఆ సాక్ష్యం మా వాడలో ఆగలేదు. నర్సంపేట నుంచి, తొర్రూరు నుంచి మనుషులు నూనె సీసాలు పట్టుకుని వచ్చేవాళ్లు. కొబ్బరినూనె మీద ప్రార్థన చేయించుకుని నొప్పి ఉన్నచోట రాసుకోవడం వాళ్లలో ఒక నమ్మకం. వచ్చినవాళ్లంతా మా గుమ్మం ముందు నిలబడి, "షుగర్ పోయిన అమ్మ ఇక్కడేనా?" అని అడిగేవాళ్లు. అత్తమ్మ కండెలు పక్కన పెట్టి, కొంగు సర్దుకుని బయటికి వచ్చేది. అంత గౌరవం ఆమెకు పుట్టింట్లో దొరకలేదు, అత్తింట్లోనూ దొరకలేదు.

ఇక ఆ మనిషి గోళీ ఎట్లా మింగుతుంది చెప్పండి. షుగర్ పోయిన అమ్మను చూద్దామని పక్క ఊరి నుంచి వచ్చినవాళ్ల ముందు డబ్బా మూత ఎట్లా తీస్తుంది? మానేసింది. మాకు చెప్పలేదు. నేను చేతికిచ్చిన గోళీలన్నీ నూలు కండెల బుట్ట అడుగున దాచింది. నడక మాత్రం మానలేదు. ఆ నడకలోనే చెప్పు అట్టను చీల్చుకుని ఒక ఇనుప మొల లోపలికి పొడుచుకొచ్చింది. రోజూ దాని మీదే నడిచింది. షుగర్ ఉన్న కాలికి స్పర్శ తక్కువ. గుచ్చుకున్నదని ఆమెకు తెలియనే లేదు.

గుడ్ ఫ్రైడేకు ముందు రోజు సాయంత్రం వాళ్ల చర్చిలో పాదాలు కడిగే ఆచారం ఉంది. ప్రభువు తన శిష్యుల కాళ్లు కడిగిన రోజట అది. మగవాళ్లకు పాస్టరయ్య, ఆడవాళ్లకు పాస్టరమ్మ కడుగుతారు. తుడిచే తువ్వాళ్లకు అంచులు కుట్టింది నేనే. అవి ఇచ్చి వద్దామని పోయి గుమ్మంలో నిలబడిపోయాను. చూడటానికి తమాషాగా ఉండింది. ఎవరితోనో కాళ్లు కడిగించుకోవాలని ఆడవాళ్లంతా ఇంట్లోనే పీచు పెట్టి రుద్ది రుద్ది కడుక్కుని వచ్చారు.

ఎప్పుడూ ముందు వరసలో ఉండే మా అత్తమ్మ ఆ రోజు వెనక మూలకు కూర్చుంది. వంతు వచ్చేసరికి తలనొప్పి అంది. పాస్టరమ్మ బొక్కెన పట్టుకుని ఆమె దగ్గరికే పోయి కింద కూర్చుంది. అత్తమ్మ ఎడమ కాలు ఇచ్చింది. కడిగి తుడిచి, "ఇంకోటి అక్కా," అంది.

"ఒక్కటి చాలమ్మా. ఆశీర్వాదం రెండింటికి ఎక్కుతది."

అందరూ నవ్వారు. పాస్టరమ్మ నవ్వలేదు. ఆమెకు వాసన తగిలింది. చీర కుచ్చిళ్ల కింది నుంచి కుడికాలు మెల్లగా ముందుకు లాగింది. బొటనవేలి చుట్టూ ప్రార్థన నూనెలో తడిపిన గుడ్డ చుట్టి ఉంది. విప్పింది. గుమ్మం నుంచి నాకు కనబడింది. బొటనవేలూ పక్కవేలూ నల్లబడి, కింద గుంత పడి ఉంది.

"నొస్తలేదా అక్కా?"

"నొస్తలేదమ్మా. నొస్తలేదంటె మానుతాన్నట్టే కదా. నూనె రాస్తనే ఉన్న." అత్తమ్మ మొహంలో కొంచెం గర్వం కూడా ఉంది.

"గోళీలు?"

అత్తమ్మ తల వంచుకుంది. "సాక్ష్యం చెప్పిన కదమ్మా. పోయింది అని అందరి ముంగట చెప్పినంక మల్ల గోళీ మింగితె, దేవుణ్ణి అబద్ధపోణ్ణి చేసినట్టు గాదా?"

పాస్టరమ్మ ఆ కాలును అట్లాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. తర్వాత మంచినీళ్లతో కడిగి, తుడిచి, కొత్త తువ్వాల చుట్టి, నా వైపు చూసి, "బిడ్డా, ఆటో పిలువు," అంది. మగవాళ్ల వరసలో పాస్టరయ్య ఇంకా పాట పాడుతూనే ఉన్నాడు.

పెద్ద దవాఖానలో డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. రెండు వేళ్లు పొద్దున్నే తీసేయాలి. ఆలస్యమైతే పాదం, ఇంకా ఆలస్యమైతే మనిషి. మా అత్తమ్మ కాగితం మీద వేలిముద్ర వేయనంది. మా ఆయన బతిమాలాడు, నేను అరిచాను. గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమె భయం కత్తి గురించి కాదని మాకు అప్పుడు అర్థం కాలేదు.

తెల్లారితే గుడ్ ఫ్రైడే. చర్చిలో మధ్యాహ్నం దాకా ఆరాధన ఉంటుంది. పాస్టరు భార్య అక్కడ లేకపోవడం అంటే పెళ్లిలో పెళ్లికూతురి తల్లి లేనట్టే. పొద్దున్నే పాస్టరయ్య ఫోన్ చేశాడు. "సిలువ కాడ నిలబడ్డోళ్లు ఆడోళ్లేనయ్యా. నేను ఈ మంచం కాడ నిలబడ్త. మీరు నడిపించుకోండ్రి," అని, రాత్రంతా మాతోనే ఉన్న పాస్టరమ్మ ఫోన్ పెట్టేసింది. అత్తమ్మ గోడ వైపు నుంచి తిరగకుండానే అడిగింది.

"అమ్మా, నా విశ్వాసం తక్కువైందా? దేవుడు నన్ను ఇడిచిపెట్టిండా?"

ఇదీ ఆమె లోపల నలుగుతున్న మాట. వేళ్లు పోతే పోనీ, దేవుడు కూడా పోయాడేమో అన్నది ఆమె బెంగ. పాస్టరమ్మ మంచం అంచున కూర్చుని ఆమె మడమ మీద చెయ్యి వేసింది.

"నీ విశ్వాసం తక్కువ గాలె అక్కా. నా తెలివి తక్కువైంది. నిన్ను నిలబెట్టింది నేను. నువ్వు పోయింది అంటాంటె ఆపకుండ సప్పట్లు కొట్టింది నేను. దేవుడు ఇడిచిపెట్టెటోడైతె నిన్న నీ కాలు నా చేతికి ఎందుకు ఇస్తడు?"

"మరి ఇప్పుడు ఏళ్లు తీసేస్తె అందరు నవ్వరా? షుగర్ పోయిందన్నవ్ కదా అని అడుగరా?"

"అడిగెటోళ్లు నన్ను అడుగుతరు. ఆదివారం నేను చెప్త. నువ్వు జర ఆ కాగితం మీద ఏలు పెట్టు."

అత్తమ్మ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. తర్వాత వేలు చాచింది. ఆ వేలును సిరా మీద అద్దింది కూడా పాస్టరమ్మే. రెండు వేళ్లు పోయాయి, పాదం దక్కింది.

ఆదివారం ఈస్టర్. దవాఖాన మంచం మీది నుంచి అత్తమ్మ నన్ను పంపింది. "ఆమె ఏం చెప్తదో చెవులార విని వచ్చి నాకు చెప్పు. ఒక్క ముక్క గూడ ఇడువకు." నా మోకాళ్లు చర్చిలోకి పోవడం అదే మొదలు. షెడ్డు కిక్కిరిసి ఉంది. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు నూనె సీసాలతో వెనక నిలబడ్డారు. పాస్టరమ్మ మైకు ముందుకు వచ్చింది.

"అక్క బతికింది. కాలు మిగిలింది. దేవునికి స్తోత్రం. ఇగ ఒక మాట. అక్కకు షుగర్ పోలె. దిగింది. గోళీతోని, నడకతోని, తిండితోని, దేవుని దయతోని దిగింది. నేనే ఆమెను నిలబెట్టి తప్పు మాట చెప్తాంటె ఊరుకున్న. అందుకే ఆమె గోళీ ఇడిచిపెట్టింది, ఏళ్లు పోయినయి. ఇంకొకటి చెప్పాలె. నేను ఏండ్ల సంది బీపీ గోళీ వేసుకుంటాన్న. మీకెవ్వరికి తెలువది. పాస్టరమ్మకు రోగమేంది, ఈమె ప్రార్థన పని చెయ్యదా అంటరని దాచుకున్న. నేను దాచుకున్న కాబట్టే అక్క గూడ దాచుకున్నది."

చీర చెంగు ముడి విప్పి గోళీల పట్టీ తీసింది. ఒక గోళీ అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "ప్రభువా, దీన్ని తయారు చేసిన చేతుల్ని దీవించు. రాసిచ్చిన డాక్టరమ్మను దీవించు. దీన్ని మర్చిపోయే నా బుద్ధిని బాగుచెయ్యి." కళ్లు తెరిచి చూస్తే మింగడానికి నీళ్లు లేవు. అంతసేపూ తల దించుకుని ఉన్న పాస్టరయ్య, ప్రసంగం మధ్యలో తాను తాగే గ్లాసు తీసి ఆమె ముందుకు చాచాడు. ఆయన మొహంలో సంతోషం ఉందని చెప్పలేను. అయినా గ్లాసు చాచాడు. ఆ రోజు నుంచి ఆయన ప్రసంగాలను నేను కొంచెం ఓపికగా వింటున్నాను.

చప్పట్లు ఎవరూ కొట్టలేదు. కొన్ని కుటుంబాలు ఆ చర్చి మానేశాయి. నూనె సీసాలు తగ్గిపోయాయి. అట్లా పోయినవాళ్లను నేను తప్పు పట్టలేను. నొప్పితో ఉన్నవాళ్లు ఆశ ఎక్కడ దొరికితే అక్కడికి పోతారు. పాస్టరమ్మ కూడా వాళ్లను ఒక్క మాట అనలేదు. వాళ్ల పేర్లు పెట్టి ప్రార్థన చేసేదట. సీసా పట్టుకుని వచ్చిన కొద్దిమందిని మాత్రం ముందు అడిగేది: "డాక్టరుకు చూపెట్టినవా? చూపెట్టి రా. అప్పటిదాక సీస ఈడనే ఉంటది, నీ పేరు మీద ప్రార్థన నడుస్తనే ఉంటది."

నేను దవాఖానకు పోయి ఒక్క ముక్క విడువకుండా చెప్పాను. అత్తమ్మ అంతా విని, "ఆమెకు గూడ బీపీ ఉన్నదా?" అంది. గోళీ ఇమ్మని తనే చెయ్యి చాచింది.

మైకులో గోళీల పిలుపు ఆ తర్వాతే మొదలైంది. శనివారం సాయంత్రం కాళ్లు చూసుకునే పద్ధతీ అప్పుడే వచ్చింది. ఆరాధనకు ముందు రోజు ఆడవాళ్లంతా చర్చి మెట్ల మీద కాళ్లు చాచి కూర్చుంటే, ఈమె కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్క పాదం ఒళ్లోకి తీసుకునేది. గోరువెచ్చని నీళ్లు, అవీ ముందు మోచేత్తో చూసి. కడిగాక వేళ్ల సందుల్లో పొడిగుడ్డతో ఒత్తాలి. "తడి ఉండొద్దు. తడి ఉన్నకాడనే పుండు పుడ్తది." మడమలకు నూనె, సందుల్లో వద్దు. నడకకు బయల్దేరే ముందు ప్రతి ఒక్కరూ చెప్పులో చెయ్యి పెట్టి తడిమి చూడాలి. మమ్మల్ని చూసినవాళ్లు వీళ్ల చెప్పుల్లో ఏం పోయిందో అనుకునేవాళ్లు.

షుగర్ ఉన్నవాళ్లు చర్చి లోపల కూడా వట్టికాళ్లతో తిరగొద్దని ఆమె పట్టుబట్టింది. కడిగి పెట్టిన చెప్పులు గుమ్మం లోపల వరసగా ఉండేవి. దానికీ గొడవ అయింది. ఒక పెద్దాయన, "ఇది పరిశుద్ధ స్థలం, చెప్పులు విప్పు అని దేవుడే ఒక భక్తునితోని అన్నడు కదమ్మా," అని నిలదీశాడు. "అన్నడయ్యా. ఆ భక్తునికి షుగర్ లేదు," అంది పాస్టరమ్మ. ఆయన నవ్వాపుకోలేక కూర్చుండిపోయాడు. ఆ తర్వాత ఆయనకే షుగర్ వచ్చి, ఆ వరసలో ఆయన చెప్పులు కూడా చేరాయి.

నా పాదాలను కూడా ఆమె చూసింది. నాకు షుగర్ లేదు మొర్రో అన్నా వినలేదు. మిషను తొక్కి తొక్కి నా మడమలు పగిలి ఉంటాయి. ఆ పగుళ్లలో మెల్లగా నూనె అద్దుతూ, "ఇంటిల్లిపాదికి గుడ్డలు కుడ్తవ్. నీ మడిమెలు ఎవ్వలు కుడ్తరు బిడ్డా?" అంది. మా అమ్మ పోయిన తర్వాత నా కాళ్లను పట్టుకుని ఎవరూ అట్లా అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. నూనె మండుతోందని అబద్ధం చెప్పాను.

పోయిన నెల ఆ మంగళవారం, నేను అత్తమ్మ వెనకాలే పోయాను. తెల్లవారుజామున పాస్టరమ్మ గుండె ఆగిందట. దవాఖానకు తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వలేదు. తల దగ్గర స్టూలు మీద నీళ్ల గ్లాసు, గోళీల పట్టీ ఉన్నాయి. పాస్టరయ్య మైకు పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా ఆయన పోయి మైకు ఆపి, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

ఆడవాళ్లం స్నానం చేయించి తెల్లచీర కట్టాం. మధ్యాహ్నానికి శవపెట్టె వచ్చింది. పెట్టెతో పాటే తెల్ల సాక్సులు కూడా ఇస్తారు. చర్చిలో పాటలు పాడే అమ్మాయి ఒకతె ఆ సాక్సులు తీసుకుని తొడగబోయింది.

"ఆగు బిడ్డా," అంది మా అత్తమ్మ.

గోరువెచ్చని నీళ్లు అడిగింది. నేను తెచ్చిన బొక్కెనలో మోచెయ్యి ముంచి వేడి చూసింది. మూడు వేళ్లు మిగిలిన తన కుడికాలు చాపుకుని నేల మీద కూర్చుని, పాస్టరమ్మ పాదాలు ఒళ్లోకి తీసుకుంది. ఎన్నో పాదాలు చూసిన మనిషి, ఆమె పాదాలు ఎప్పుడైనా ఎవరన్నా చూశారా అని నాకు అప్పుడే తోచింది. మడమలు నా మడమల కంటే ఎక్కువ పగిలి ఉన్నాయి. అత్తమ్మ వాటిని చూసి, "గిట్ల పెట్టుకున్నవా అమ్మా," అని గొణిగింది. కడిగింది. మడమలకు నూనె రాసింది. నేను అంచు కుట్టిన తువ్వాల ఒకటి తీసుకుని, ఒక్కొక్క వేలి సందునా ఒత్తుతూ తుడవడం మొదలుపెట్టింది.

బయట బండి వచ్చి నిలబడింది. ఆలస్యమవుతోందని ఎవరో అన్నారు. "పెద్దమ్మా, పెట్టెలకే కదా, ఇప్పుడు గిదంత ఎందుకు?" అంది ఆ అమ్మాయి మెల్లగా.

"తడి ఉండొద్దని చెప్పింది," అంది అత్తమ్మ తల ఎత్తకుండా.

చివరి వేలు దాకా తుడిచింది. తువ్వాల మడిచి పక్కన పెట్టింది. సాక్సుల కోసం చెయ్యి చాచింది. తొడిగే ముందు, ఒక్కోదాంట్లోకి చెయ్యి పోనిచ్చి, కొనదాకా తడిమి చూసింది.